కావడికి భుజం ఉంది, బండికి లేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మధురవాడలో ఉంటాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 నడుపుతాను. డిసెంబరులో పది రోజులు సెలవు పెట్టి అరకు, కోరాపుట్, జయపురం మీదుగా జగదల్‌పూర్ చేరి, చిత్రకోట్ జలపాతం చూసి, సాలూరు దారిన తిరిగి రావాలని అనుకుంటున్నాను. ఒక్కడినే వెళతాను. వీలైనన్ని రాత్రులు గుడారంలోనే గడపాలని ఆశ. సామాను తూస్తే 46 కిలోలు తేలింది: ముగ్గురు పట్టే గుడారం 5, రగ్గూ దిండూ 4, మడత కుర్చీ 3, చిన్న సిలిండరుతో సహా గ్యాసు పొయ్యి 6, గిన్నెలు 3, నీళ్లు 10, డబ్బాలో పెట్రోలు 4, పనిముట్లు 4, బట్టలు 7. మొన్న ఆదివారం ఇదంతా వెనక సీటు మీద, క్యారియర్ మీద పేర్చి, కొక్కేల రబ్బరు తాళ్లతో బిగించి భీమిలి దాకా వెళ్లాను. వేగం 80 దాటగానే హ్యాండిల్ ఊగింది. తిరిగి వస్తూ పెట్రోలు బంకులో సైడ్ స్టాండు వేసి దిగితే బండి కుడివైపుకు పడిపోయింది. పెద్ద టాప్ బాక్సు కొంటే ఈ బాధ తీరుతుందా? పెట్రోలు డబ్బా అవసరమేనా? ఇవి చాలవన్నట్టు మా అమ్మ రెండు కిలోల ఆవకాయ సీసా పట్టుకెళ్లమంటోంది. దాన్ని ఎక్కడ పెట్టను?

— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: బయలుదేరడానికి ముందే సామాను కట్టి, బండి నడిపి చూశారు. నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది ఆ పరీక్షను అనంతగిరి ఘాట్‌లో సగం దూరం ఎక్కాక చేసుకుంటారు. మీకు హ్యాండిల్ ఊగింది తిన్నగా ఉండే బీచ్ రోడ్డులో, బండి పడింది బంకులో. ఒక అద్దమో లీవరో వంగి ఉంటుంది. ఆ మాత్రం ఖర్చుతో ఈ సంగతి తెలియడం చవకే.

ఎక్కడ పెట్టాలన్న మాటకు ముందు, అరకు దారిలో సంత రోజున ఒక పది నిమిషాలు ఆగి చూడమంటాను. కావడి మోసుకుంటూ కొండ దిగేవాళ్లు కనిపిస్తారు. కావడి బద్దకు తట్టల్ని భుజం ఎత్తున కట్టరు, తాళ్లతో మోకాళ్ల దాకా దించుతారు. రెండు తట్టలూ ఒక్క బరువు కాకపోతే మోసేవాడు భుజాన్ని బరువు వైపుకు నాలుగు వేళ్లు జరుపుకుంటాడు, అంతే, మళ్లీ నడక సాగుతుంది. మీ బండికి అలా జరుపుకోవడానికి భుజం లేదు. ఇంటి దగ్గర మీరు ఎలా కట్టారో అలాగే 300 కిలోమీటర్లు మోయాలి. మీ సామానులో నాకు కనిపించిన తప్పు బరువు ఒక్కటే కాదు, ఆ బరువంతా కావడి నెత్తిన ఎక్కి కూర్చోవడం.

హ్యాండిల్ ఎందుకు ఊగిందో చూద్దాం. వెనక చక్రపు ఇరుసును ఆనికగా అనుకోండి. క్యారియర్ ఆ ఇరుసుకు వెనక ఉంది. అక్కడ బరువు పెడితే ఏతాం గడలాగా ఆ కొస కిందికి దిగి, ముందు కొస పైకి లేవాలని చూస్తుంది. నేలను అదిమి పట్టవలసిన ముందు చక్రం తేలికవుతుంది. అలా తేలికైన చక్రాన్ని సముద్రపు గాలి తోసినా, చిన్న గతుకు తగిలినా ఊగడం మొదలుపెడుతుంది. పైగా రబ్బరు తాళ్లతో కట్టారు గనుక ముందు ఊగినప్పుడల్లా వెనక మూట కాస్త ఆలస్యంగా తనూ ఊగి, ఆ ఊపును ఇంకాస్త పెంచుతుంది. మళ్లీ ఎప్పుడైనా అలా జరిగితే ముందు బ్రేకు గట్టిగా పట్టకండి, హ్యాండిల్‌ను బిగబట్టి కుస్తీ పట్టకండి. ట్యాంకును మోకాళ్లతో పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలేయండి. వేగం తగ్గితే ఊగుడు దానంతట అదే సర్దుకుంటుంది. సామాను తీసేశాక కూడా ఊగుతోందంటే లోపం మూటలో లేదు. మెకానిక్‌కు కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), ముందు చక్రపు ఊచలు చూపించండి.

అందుకే టాప్ బాక్సు వద్దంటున్నాను. ఊళ్లో అది మంచిదే. హెల్మెట్ పెట్టి తాళం వేసుకోవచ్చు, కూరగాయలు తెచ్చుకోవచ్చు. కానీ బండి మొత్తంలో బరువు పెట్టకూడని చోటు ఏదంటే, ఇరుసుకు బాగా వెనక, బాగా ఎత్తున ఉన్న ఆ చోటే. అక్కడికి పెద్ద పెట్టె తెచ్చారనుకోండి. పెట్టె ఖాళీగా ఉంటే మనిషికి ఊరుకోబుద్ధి కాదు, నింపుతాడు. ఇలాంటి పెట్టెల మీద, క్యారియర్ల మీద ఎంత బరువు పెట్టవచ్చో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. చాలావాటికి అది పది కిలోలు దాటదు. ఆ అక్షరాలు చదివినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. మీకు కావలసినవి బండికి రెండు పక్కలా వేలాడే మెత్తని సాడిల్ బ్యాగులు, సీటుకు అడ్డంగా పడుకునే ఒక పొడుగాటి వాటర్‌ప్రూఫ్ సంచి. అల్యూమినియం పెట్టెలు చూడ్డానికి దర్జాగా ఉంటాయి గానీ, ఇసుకలో బండి పక్కకు పడితే కాలు వాటి కింద ఇరుక్కుంటుంది. మెత్తని సంచి అయితే కాలికి ఇంత చోటు ఇస్తుంది.

ఇక 46 కిలోల సంగతి. ముందుగా నీళ్లు. పది లీటర్లంటే పది కిలోలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాటిని ఘాట్ ఎక్కించి దించి, రాత్రి అందులో మూడు లీటర్లు తాగి, మర్నాడు మిగిలినవాటిని మళ్లీ మోయడం ఎందుకు? దారి పొడవునా ఊళ్లు ఉన్నాయి. రెండు లీటర్లు దగ్గర ఉంచుకోండి. మడిస్తే జేబులో పట్టే ఖాళీ నీళ్ల సంచి ఒకటి కొనుక్కుని, గుడారం వేసే చోటికి ముందున్న ఆఖరి ఊళ్లో నింపుకోండి. పది కిలోలు పది నిమిషాలు మోయడం వేరు, పది రోజులు మోయడం వేరు.

పెట్రోలు డబ్బా అక్కర్లేదు. మీ బండి ట్యాంకు 15 లీటర్లు. లీటరుకు 30 కిలోమీటర్లు వేసుకున్నా 450 కిలోమీటర్లు వస్తుంది. విశాఖ నుంచి అరకుకు సుమారు 115. అరకు, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్ అన్నీ బంకులున్న ఊళ్లే. జగదల్‌పూర్ నుంచి చిత్రకోట్ 40 కిలోమీటర్లు ఉంటుంది. ట్యాంకు సగానికి రాగానే నింపుకునే అలవాటుంటే చాలు. నీళ్ల సీసాలో పెట్రోలు పోసి సంచిలో దోపుకునేవాళ్లను చూస్తుంటాను. ఎండకు ఆవిరి పట్టి సీసా ఉబ్బుతుంది, మూత దగ్గర చెమరుస్తుంది, పక్కనే గ్యాసు పొయ్యి ఉంటుంది. అది సరదా కాదు.

గ్యాసు పొయ్యి, సిలిండరు కలిసి ఆరు కిలోలు, గిన్నెలు మూడు. ఒక్క మనిషికి తొమ్మిది కిలోల వంటిల్లు! చేతిలో ఇమిడే పొయ్యి, దానికి మరతో బిగించే చిన్న గ్యాసు డబ్బా దొరుకుతాయి. వాటికి మూతున్న ఒక గిన్నె, ఒక చెంచా కలిపితే కిలోకు కాస్త అటూ ఇటూ. దాని మీద ఉప్మా అవుతుంది, టీ అవుతుంది, గుడ్లు ఉడుకుతాయి. అంతకు మించిన విందు కావాలంటే దారిలో పూటకూళ్లకు కొదవ లేదు. మీరు వెళ్లేది అంటార్కిటికాకు కాదు.

మడత కుర్చీ మీద నాకు ఏ కోపమూ లేదు. యాభై దాటాక నేనూ నేల మీద కూర్చుని లేవడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్నాను. కానీ మీకు 34 ఏళ్లు. మూడు కిలోల కుర్చీ ఇంట్లో ఉంచి రండి. రాయి మీద కూర్చోవచ్చు.

ఒక్కరికి ఇద్దరు పట్టే గుడారం సరిపోతుంది. రెండున్నర కిలోలలో మంచిదే వస్తుంది. రెండో మనిషి చోటులో మీ సంచులు పడుకుంటాయి. రగ్గు విషయంలో మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే విశాఖవాళ్లకు చలి అంటే తెలియదు. నేనూ ఇక్కడివాణ్నే గనుక అనగలను. మనకు డిసెంబరు అంటే ఫ్యాను ఒకటి తగ్గించుకునే నెల. అరకు, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగిపోతుంది. లంబసింగిలో కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా దరిదాపులకు వస్తుంది. ఆ చలికి రగ్గు సరిపోదు. అలాగని రెండు రగ్గులూ వద్దు. గుడారంలో చలి పైనుంచి కన్నా కింది నుంచి ఎక్కువ వస్తుంది, ఒంటి వేడిని నేల లాగేస్తుంది. మీ కింద పరుచుకునే మ్యాటు మంచిదైతే పైన మామూలు స్లీపింగ్ బ్యాగు, ఉన్ని టోపీ, మేజోళ్లు చాలు. రెండూ కలిపి రెండున్నర కిలోలు దాటవు. నొక్కితే కుంచించుకుపోతాయి గనుక సంచిలో చోటూ తక్కువే తింటాయి. దిండు అక్కర్లేదు, మర్నాటి చొక్కాలను మడిచి తల కింద పెట్టుకోండి.

మీ జాబితాలో బరువు పెంచమని చెప్పేది ఒక్కచోటే, పనిముట్లలో. మీ బండికి ఊచల చక్రాలు, ట్యూబు టైర్లు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17. పంక్చరు వేసేవాళ్లు దారిలో ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. ట్యూబు వాల్వు దగ్గర చిరిగితే మాత్రం అతికింపు నిలవదు, 21 అంగుళాల ట్యూబు కోసం జిల్లా కేంద్రం దాకా వెతుక్కోవాలి. రెండు కొత్త ట్యూబులు, టైరు ఊడదీసే ఇనుప లీవర్లు, చేతి పంపు, క్లచ్ కేబుల్, రెండు ఫ్యూజులు, చైనుకు రాసే ఆయిలు, ఒక చుట్ట కట్టుతీగ, గట్టి టేపు. ఇవన్నీ కలిపి ఐదు కిలోలు. బట్టలు ఏడు కిలోలెందుకో మీరు రాయలేదు, నేను అడగను. వాన కోటుతో సహా ఐదుకు తెండి, రెండు రోజులకోసారి ఉతుక్కోండి. తిండి సరుకులు కిలోన్నర. మొత్తం ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూ వస్తుంది. తూకానికి ఇంట్లో కాటా లేకపోతే వీధిలో పాత పేపర్లు కొనే అతన్ని పిలవండి. కొక్కెం తూకంతో సంచి సంచీ తూచి పెడతాడు. మా వీధి అతను నా సంచి తూచి, దానికి ఎంత ఇమ్మంటారని కూడా అడిగాడు.

ఇప్పుడు కట్టడం. మీ బండికి సైలెన్సర్ కుడివైపు, వెనక్కి పైకి లేచి ఉంటుంది. దాన్ని తప్పించాలి గనుక కుడి సంచి ఎడమదానికన్నా బయటికి జరిగి వేలాడుతుంది. కావడి లెక్క ఇక్కడే పనికొస్తుంది. బద్ద కొస ఎంత దూరం పోతే తట్ట అంత బరువు తూగుతుంది. రెండు సంచుల్లోనూ సరిగ్గా ఏడేసి కిలోలు పెట్టి సమానమని సంతోషిస్తే బండి కుడికి లాగుతూనే ఉంటుంది. కుడిదానిలో బట్టలు, తేలికవి. ఎడమదానిలో పనిముట్లు, ట్యూబులు, పొయ్యి, సరుకులు. ఎడమ సంచిలోనూ ఇనుము అడుగున, మీ కాలి వైపుగా ముందుకు, చక్రానికి దగ్గరగా లోపలికి ఉండాలి. సంచి కట్టాక బండికి ఎదురుగా నిలబడి హ్యాండిల్ మీదుగా చూడండి. సంచుల వెడల్పు హ్యాండిల్ వెడల్పు దాటకూడదు. అప్పుడు ఘాట్ మలుపులో ఆర్టీసీ బస్సు పక్కనుంచి హ్యాండిల్ దూరిన సందులో మీ సంచులూ దూరతాయి. కుడి సంచికీ సైలెన్సర్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి, అదీ సామాను నింపి, మీరు సీటు మీద కూర్చుని కిందికి అదిమాక. ఖాళీ బండి మీద కొలిస్తే లాభం లేదు. ఒకసారి నా వాన కోటు సైలెన్సర్‌కు అంటుకుని కరిగిపోయింది. బొర్రా దగ్గర వాన పట్టుకున్నాక కోటు తీద్దామని చూస్తే దానికి ఒక చెయ్యే ఉంది.

ట్యాంకుకు రెండు పక్కలా మీ బండికి ఇనుప కడ్డీల చట్రం ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. రెండు చక్రాల మధ్య, కిందుగా, మీకు ముందు ఉన్న చోటు అది, బరువుకు అంతకన్నా మంచి ఆసనం లేదు. రెండు లీటర్ల నీళ్లు చెరో లీటరుగా అక్కడ కట్టుకోండి. కట్టాక హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. పొడుగాటి సంచిలో స్లీపింగ్ బ్యాగు, మ్యాటు, వెచ్చని బట్టలు పెట్టి దాన్ని క్యారియర్ మీద కాకుండా వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టండి. మీ నడుముకు ఆనుకునేలా ఉంటే దూర ప్రయాణంలో హాయిగానూ ఉంటుంది. క్యారియర్ మీదికి రెండున్నర కిలోల గుడారం ఒక్కటే వెళుతుంది.

గుడారాన్ని సంచి లోపల పెట్టకుండా బయట కట్టమనడానికి వేరే కారణం ఉంది. తెల్లవారేసరికి గుడారం బట్ట మంచుకు నానిపోతుంది. ఎండ ఎక్కేదాకా ఆగితే సగం పొద్దు పోతుంది, తడిగా లోపల పెడితే మిగతావన్నీ తడుస్తాయి. తడిగానే చుట్టి బయట కట్టేయండి. మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు పది నిమిషాలు బండి మీద ఆరేస్తే ఎండిపోతుంది. చుట్టూ పిల్లలు చేరి ఇది దేనికి అని అడుగుతారు, అది వేరే సంగతి. సాయంత్రం కూడా అంతే. డిసెంబరులో మన వైపు ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. చీకట్లో, పైగా చినుకు పడుతుంటే, ముందు కావలసింది తలకు పెట్టుకునే లైటు, తరవాత గుడారం, ఆ తరవాత పడక, ఆఖరున పొయ్యి. ఆ వరసకు తలకిందులుగా సర్దాలి: ఆఖరున కావలసింది అడుగున, మొదట కావలసింది పైన. లైటు, వాన కోటు ట్యాంకు బ్యాగులోనో, పొడుగాటి సంచి మూతి దగ్గరో ఉండాలి. చీకట్లో మూడు సంచులు విప్పి, లైటు వెతకడానికి లైటు కావలసి వచ్చిన రాత్రులు నాకు ఉన్నాయి. ఒకవేళ వరస కోసం బరువును పైకి ఎక్కించాల్సి వస్తే మాత్రం వరసను వదిలేయండి. వెతుక్కోవడం పది నిమిషాల బాధ, ఊగుడు రోజంతా.

తాళ్ల దగ్గరికి వద్దాం. మీ కొక్కేల రబ్బరు తాళ్లు తీసి ఇంట్లో బట్టలారేసుకోవడానికి వాడండి. అవి సాగుతాయి, గతుకు పడినప్పుడు కొక్కెం జారుతుంది, బిగిస్తుండగా జారితే నేరుగా కంటికి వచ్చి తగులుతుంది. కళ్లు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బకిల్ ఉన్న పట్టీలు తెచ్చుకోండి, నాలుగు చాలు. రెండు పట్టీలు ఒకదాని మీదుగా ఒకటి పోయేలా వేసి, ఒకటి మూటను ముందుకు, ఒకటి వెనక్కు లాగాలి. ఒక్క దిక్కుకే లాగితే బ్రేకు వేసినప్పుడు మూట మీ వీపు మీదికి వస్తుంది. కట్టేది ఛాసిస్ కడ్డీకి గానీ, క్యారియర్ కాళ్లకు గానీ. ఇండికేటర్‌కు, నంబరు ప్లేటుకు, ప్లాస్టిక్ మడ్‌గార్డుకు కాదు.

బిగించాక మిగిలిన కొసలు ఏం చేస్తున్నారు? దీని గురించి కాస్త పొడుగ్గా చెబుతాను, ఎందుకంటే నాకు జరిగింది. చాలా ఏళ్ల కిందట అరకు నుంచి దిగుతున్నాను, పాత బండి. ఉదయం తొందరలో పట్టీ కొసను ముడి వేయకుండా సంచి కింద దోపాను. అనంతగిరి దాటాక ఒక మలుపులో వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టయింది. వెనక చక్రం ఆగిపోయింది. ముందు చక్రం తిరుగుతోంది, వెనకది రోడ్డు మీద ఈడ్చుకు వస్తోంది. వేగం ఇరవై కూడా లేదు గనుక బండి రోడ్డు పక్క మట్టిలోకి పోయి ఆగింది. దిగి చూస్తే పట్టీ కొస గాలికి జారి, చైనుకు చిక్కి, స్ప్రాకెట్ చుట్టూ మూడు చుట్లు చుట్టుకుని ఇనుములా బిగిసింది. వేళ్లతో రాదు. నా చాకు సంచి అడుగున ఉంది, ఆ సంచిని కట్టిన పట్టీ చైనులో ఉంది! కాసేపటికి ఒక లారీ ఆగింది. క్లీనరు కుర్రాడు దిగి, ఒక చూపు చూసి, పైకి ఎక్కి కత్తి తెచ్చి కోశాడు. కోశాక మా ఊళ్లో కొబ్బరికాయల లోడు ఎలా కడతామో చూడండని మిగిలిన పట్టీతోనే నా మూటను మళ్లీ కట్టాడు. కొసను రెండుసార్లు వెనక్కి దూర్చి ముడి వేసి, ఆ ముడిని సంచి కిందికి తోశాడు. కాసేపు పోయాక ఆపి మళ్లీ బిగించండి, లోడు కూర్చుంటుంది అన్నాడు. అప్పటి నుంచి చాకు జేబులో ఉంటోంది, నేను బయలుదేరిన పదిహేను కిలోమీటర్లకు బండి ఆపుతున్నాను. మీరు వచ్చేది సాలూరు మీదుగా గదా, లారీలకు పేరుమోసిన ఊరు. అక్కడ లోడు కట్టే చోట కాసేపు నిలబడి చూస్తే నా ఉత్తరం కన్నా ఎక్కువ నేర్చుకుంటారు.

బండి బంకులో ఎందుకు పడిందో చెప్పలేదు. బరువుకు వెనక షాకు అబ్జార్బరు దిగి, బండి మొత్తం నేలకు దగ్గరయింది. సైడ్ స్టాండు పొడవు మాత్రం మారలేదు. అందువల్ల బండి ఎడమకు ఒరగాల్సినంత ఒరగక నిటారుగా నిలబడింది. బంకు నేల కాస్త కుడికి వాటంగా ఉండి ఉంటుంది, చాలు. బరువు తగ్గితే ఈ బాధ సగం పోతుంది. మిగతా సగానికి వెనక షాకు స్ప్రింగును బిగించాలి. బండితో వచ్చే పనిముట్లలో దానికి తగిన వంపు స్పానరు ఉంటుంది. వెనక మనిషి కూర్చున్నప్పటి బిగింపు పెట్టించుకోండి. టైర్లలో గాలి కూడా వెనక మనిషితో ఎంత ఉండాలని పుస్తకంలో రాసి ఉందో అంత, అదీ ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచి పెట్టించాలి. షాకు దిగితే చైను బిగుసుకుంటుంది, దాని వదులును సామాను కట్టాకే చూసుకోండి. హెడ్‌లైటు కూడా ఆకాశం వైపు చూస్తుంది. ఎదురుగా వచ్చేవాళ్లు తిట్టుకోకముందే గోడకు ఎదురుగా బండి నిలిపి దాన్ని దించండి. సామాను ఎక్కించడం, దించడం సెంటర్ స్టాండు మీదే. గుడారం దగ్గర నేల మెత్తగా ఉంటే సైడ్ స్టాండు కింద చదునైన రాయి పెట్టి, గేరులో వదిలేయండి.

ఎక్కడ పడుకోవాలన్నది మీరు అడగలేదు, అయినా రెండు మాటలు. రిజర్వు అడవిలో, జగదల్‌పూర్ దగ్గరి కాంగేర్ లోయ జాతీయ పార్కులో అటవీ శాఖ అనుమతి లేకుండా గుడారం వేయకండి. ఊరి పక్కన అయితే నాలుగింటికే చేరి, ఊరి పెద్దను అడిగి, ఆయన చూపించిన చోట వేసుకోండి. అడిగినవాడికి చోటుతో పాటు ఒక గ్లాసు టీ కూడా దొరుకుతుంది. ఏరు ఒడ్డున ఇసుక మెత్తగా ఉందని ఏటిలో మాత్రం వద్దు. మన్యం దోమల సంగతి చెప్పనక్కర్లేదు, చలికాలమైనా పొద్దు వాలగానే గుడారం దోమతెర మూసేయండి. తిండి పదార్థాలు గుడారంలో పెట్టుకుని నిద్రపోకండి, ఎలుగులు తిరిగే చోట్లు ఉన్నాయి.

వీపుకు బరువైన సంచి తగిలించుకోవద్దు. రెండు గంటలకే భుజాలు పట్టేస్తాయి, పడితే లోపలున్న గట్టి వస్తువు వెన్నెముకకు తగులుతుంది. నడుముకు కట్టుకునే చిన్న సంచిలో డబ్బు, ఫోను, లైసెన్సు, మందులు, ఆ చాకు. బండి కాగితాలు డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి. కానీ కొండల్లో సిగ్నల్ ఉండదు, అసలు కాగితాలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి.

పెద్ద ప్రయాణానికి వారం ముందు, ఇలా కట్టిన బండితో ఒక్క రాత్రి అరకు వెళ్లి రండి. మళ్లీ భీమిలి వద్దు, అక్కడ మలుపులు లేవు, చలి లేదు, ఇల్లు అరగంటలో ఉంది. అరకులో ఒక రాత్రి గడిపి వచ్చాక సంచుల్లోంచి ముట్టుకోనివన్నీ తీసేయండి, పనిముట్లు, మందులు తప్ప.

ఇక ఆవకాయ. అమ్మ ఇచ్చిందాన్ని వద్దనమని చెప్పను, నేనూ ఒక అమ్మకు కొడుకునే. గాజు సీసా మాత్రం వద్దు, గతుకులకు మూత వదులై నూనె ముందు బట్టలకు, తరవాత పడకకు పాకుతుంది. స్లీపింగ్ బ్యాగుకు ఆవకాయ వాసన పడితే ఉతికినా ఏడాది దాకా పోదు. మర మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలో పావు కిలో పెట్టించుకోండి, ముక్కలు ఎక్కువ, నూనె తక్కువ. మూతకూ డబ్బాకూ మధ్య ఒక ప్లాస్టిక్ కాగితం, బయట రెండు కవర్లు. బరువైనదీ చిన్నదీ గనుక ఎడమ సంచిలో అడుగున, ట్యూబుల పక్కన, నిటారుగా. దానికి తోడుగా కందిపొడి ఇమ్మనండి, అది కారదు. మిగతా పావు తక్కువ రెండు కిలోలు ఇంట్లోనే ఉంటాయి, పదో రోజు రాత్రి వేడన్నంలో కలుపుకోవచ్చు.